కొత్త రాకెట్ కలిసిరానప్పుడు, పాతదాన్ని అమ్మేయకముందు

అదే పేరుతో, అవే కొలతలతో, రంగు మాత్రం మార్చుకుని వచ్చిన కొత్త టెన్నిస్ రాకెట్‌ను ఇరవై వేలకు అటూ ఇటూ పోసి కొన్న తరువాత, మొదటి వారంలోనే ఆట చెడిపోయిందని వాపోయేవారు ప్రతి కోర్టులోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. కిందటి వేసవిలో ఆ ఒకరిద్దరిలో నేనూ ఉన్నాను. ఏడేళ్లు ఆడిన రాకెట్‌కు తరువాతి తరం వచ్చిందని తెలిసి తెప్పించుకుని, విజయవాడలో రోజూ పొద్దున్నే ఆడే కోర్టుకు తీసుకువెళ్లాను. పదేళ్లుగా బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) అడుగు లోపల పడే నా ఫోర్‌హ్యాండ్ ఆ రోజు వెనక కంచెను తగలడం మొదలుపెట్టింది. నా డబుల్స్ జోడీ, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, మూడో బంతిని ఏరుకొస్తూ, “మాస్టారూ, బంతిని కృష్ణలో కలిపేదాకా మీరు ఊరుకునేట్టు లేరే” అన్నారు.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది, మరొకసారి మద్దెల బాగానే ఉన్నా దాని పలకలను ఎవరో వేరే శ్రుతిలో బిగించి ఉంటారు. రాకెట్ విషయంలో ఎక్కువగా జరిగేది ఈ చివరిదే. మనం పాత రాకెట్‌ను కొత్త రాకెట్‌తో పోలుస్తున్నామని అనుకుంటాము గాని, నిజానికి నాలుగు నెలల పాత గట్‌ను (రాకెట్ తలలో అల్లే తీగలను) నిన్న వేసిన గట్‌తో, అరచేతికి అలవాటైన పిడిని అలవాటు లేని పిడితో, ఒక బరువును మరొక బరువుతో కలగాపులగంగా పోలుస్తున్నాము. వీటిని ఒక్కొక్కటిగా సమానం చేసిన తరువాత మిగిలే తేడా మాత్రమే రాకెట్‌ది. ఆ సమానం చేయడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

అన్నిటికంటే ముందు పాత రాకెట్‌ను అమ్మకండి, పిల్లలకు ఇవ్వకండి, మూలన కూడా పడేయకండి. పోల్చి చూడడానికి మీ దగ్గర ఉన్న కొలబద్ద అదొక్కటే.

పేరు ఒకటే అయినా వస్తువు ఒకటి కాదు

తయారీ సంస్థలు రెండు మూడేళ్లకొకసారి ఒకే శ్రేణిలో కొత్త తరాన్ని విడుదల చేస్తాయి. తల వైశాల్యం 98 చదరపు అంగుళాలు, బరువు 305 గ్రాములు, గట్ అల్లిక 16×19 (నిలువు తీగలు 16, అడ్డ తీగలు 19) అని పాతదాని మీద ఉన్న అంకెలే కొత్తదాని మీదా ఉండవచ్చు. కాని లోపల కార్బన్ పొరలను పరిచే తీరు మారితే ఫ్రేము బిరుసుదనం మారుతుంది, గట్ దూరే ప్లాస్టిక్ గ్రోమెట్ల ఆకారం మారితే గట్ కదలిక మారుతుంది. బిరుసుదనాన్ని ఆర్.ఏ. అనే అంకెతో చెబుతారు. ఇది 60కి దగ్గరలో ఉంటే ఫ్రేము కాస్త వంగే రకమనీ, 70కి దగ్గరలో ఉంటే బిరుసు రకమనీ స్థూలంగా అనుకోవచ్చు. బిరుసు ఫ్రేము దెబ్బకు తక్కువ వంగుతుంది కాబట్టి బంతికి ఎక్కువ శక్తిని తిరిగి ఇస్తుంది, చేతికి అదురునూ ఎక్కువ పంపుతుంది. ఈ అంకెను ఫ్రేము మీద సాధారణంగా ముద్రించరు.

ముద్రించిన బరువు కూడా గట్ లేని ఉత్త ఫ్రేము బరువే. గట్ వేయగానే 15 నుంచి 18 గ్రాములు, పిడి మీద ఓవర్‌గ్రిప్ అనే పలుచటి పట్టీ చుట్టగానే సుమారు 5 గ్రాములు, తీగల అదురు తగ్గించే డ్యాంపనర్ అనే చిన్న ముక్క పెడితే ఇంకో 2, 3 గ్రాములు చేరతాయి. అదీగాక ఒకే మోడల్‌లో ఒకే రోజు తయారైన రెండు రాకెట్ల మధ్య ఏడెనిమిది గ్రాముల తేడా ఉండడం అరుదేమీ కాదు. పేరున్న ఆటగాళ్లు తమ రాకెట్లను అచ్చుగుద్దినట్టు ఒకే బరువుకు సరిచేయించుకోవడానికి కారణం ఇదే. వారిలో చాలామంది తమకు అలవాటైన పాత ఫ్రేముకే కొత్త మోడల్ రంగు వేయించుకుని ఆడతారు. దాన్ని పెయింట్ జాబ్ అంటారు. టీవీలో కనిపించిన రంగును చూసి కొనే మనబోటివాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే కొంత ఖర్చు తగ్గుతుంది.

గట్‌తో మొదలుపెట్టాలి

నా అనుభవంలో నిరాశలో సగానికి పైగా గట్‌లోనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ తొందరపడవద్దని నా మనవి. నా పాత రాకెట్‌లో 52 పౌండ్ల బిగింపుతో వేయించిన పాలియెస్టర్ గట్ ఉండేది, అదీ నాలుగు నెలల క్రితం వేయించినది. కొత్త రాకెట్‌కు దుకాణంవారే నైలాన్ మల్టీఫిలమెంట్ గట్ వేసి పంపారు. పాలియెస్టర్ బిరుసుగా ఉండి, బంతి తగిలినప్పుడు నిలువు తీగలు పక్కకు జారి మళ్లీ యథాస్థానానికి రావడం వల్ల టాప్‌స్పిన్‌కు, అంటే బంతి ముందుకు దొర్లుతూ తిరగడానికి, సహకరిస్తుంది. నైలాన్ మెత్తగా సాగి బంతిని ఎక్కువ వేగంతో తిప్పికొడుతుంది. అంటే నా బంతి కంచె దాకా పోవడంలో కొత్త ఫ్రేముకు ఎంత వాటా ఉందో, ఈ గట్‌కూ అంతకు తక్కువ కాని వాటా ఉంది. దీన్ని నేను పది రోజులు గమనించలేదు. గట్టింగ్ చేసే కుర్రవాడు రాకెట్‌ను చేతిలోకి తీసుకుని, తీగలను అరచేతితో ఒకసారి తట్టి, “సార్, మీరు గట్ మార్చి బ్యాట్‌ను తిడుతున్నారు” అన్నాడు.

కాబట్టి చేయవలసిన పని ఇది. రెండు రాకెట్లలోనూ ఉన్న గట్‌ను కోయించి, ఒకే రకం గట్‌ను, ఒకే మందంతో, ఒకే బిగింపుతో, ఒకే మనిషి చేత, ఒకే యంత్రం మీద, వీలైతే ఒకే రోజున వేయించండి. రెండు గట్టింగుల ఖర్చు అవుతుంది, నిజమే. కాని దానికి వెనకాడి రాకెట్‌ను సగం ధరకు అమ్ముకుంటే పోయేది అంతకంటే చాలా ఎక్కువ. మందం విషయంలో 1.25 మిల్లీమీటర్లకూ 1.30 మిల్లీమీటర్లకూ తేడా ఏముందిలే అనుకోవద్దు, సన్నటి గట్ స్పర్శలోనూ స్పిన్‌లోనూ తేడా చూపిస్తుంది.

ఒకే యంత్రం అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన విజయవాడ, గుంటూరులలో గట్టింగ్ చేసేవారి దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం షటిల్ బ్యాట్లే, వాటి బిగింపు 22 నుంచి 28 పౌండ్ల మధ్య ఉంటుంది. టెన్నిస్‌కు 45 నుంచి 60 పౌండ్ల దాకా లాగాలి. చేత్తో తిప్పే క్రాంక్ యంత్రం అనుకున్న బిగింపు రాగానే గట్‌ను అక్కడే పట్టి ఆపేస్తుంది, ఆ తరువాత గట్ కొంచెం సాగితే బిగింపు ఆ మేరకు పడిపోతుంది. ఎలక్ట్రానిక్ యంత్రమూ, బరువు వేలాడదీసి లాగే డ్రాప్‌వెయిట్ యంత్రమూ గట్ సాగినకొద్దీ లాగుతూనే ఉంటాయి. అందువల్ల ఒక దుకాణంలో వేసిన 52, మరొక దుకాణంలో వేసిన 52 చేతికి ఒకటిగా ఉండవు. మీ గట్టింగ్ ఎక్కడ చేయించినా, ఆ యంత్రం ఏ రకానిదో ఒకసారి అడిగి తెలుసుకోండి. చెప్పడానికి విసుక్కునేవారి దగ్గర గట్టింగ్ చేయించకపోవడమే మంచిది.

గట్ వేయించిన రోజున తీగల మీద వేలితో మీటి ఆ మోతను వినండి. సితారు తీగకున్న సూత్రమే దీనికీ ఉంది, బిగింపు తగ్గితే శ్రుతి తగ్గుతుంది. బిగింపు 10 శాతం పడిపోతే శ్రుతి సుమారు 5 శాతం దిగుతుంది. ఈ శ్రుతిని విని బిగింపును లెక్కగట్టే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. అవి చూపించే పౌండ్లను పూర్తిగా నమ్మకపోయినా, ఈ వారానికీ పై వారానికీ ఎంత దిగిందో చూడడానికి అవి చక్కగా పనికివస్తాయి. పాలియెస్టర్ మొదటి రోజుల్లోనే వేగంగా బిగింపు కోల్పోతుంది, ఆడకపోయినా కోల్పోతూనే ఉంటుంది. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ఎండలో నిలిపిన కారు డిక్కీలో రాకెట్‌ను వదిలేస్తే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. గట్టింగ్‌కు పెట్టిన డబ్బు డిక్కీలోనే ఆవిరైపోవడం అంటే అదే.

రెండిటికీ ఒకే గట్ వేయించి ఆడిన తరువాత కూడా కొత్తదానితో బంతి పొడుగ్గా పోతూంటే, కొత్తదానిలో బిగింపును 2 పౌండ్లు పెంచి చూడండి. బంతి నెట్‌కు తగులుతూ, చేతికి చెక్కతో కొట్టినట్టు అనిపిస్తే 2 పౌండ్లు తగ్గించండి. ఒకేసారి 5 పౌండ్లు మార్చితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది.

తూకం వేయడం, సరిచేయడం

వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా గ్రాము దాకా చూపిస్తే అదే చాలు. నా దగ్గర ఉన్నది అయిదు గ్రాముల చొప్పున మాత్రమే చూపించేది కాబట్టి, రెండు రాకెట్లనూ సంచిలో పెట్టుకుని వన్‌టౌన్‌లో తెలిసిన కంసాలి దగ్గరకు వెళ్లాను. ఆయన బంగారం తూచే కాటా మీద రాకెట్ నిలవక పక్కకు ఒరిగిపోతూంటే, కింద ఒక ఇత్తడి గిన్నెను బోర్లించి, దాని బరువును సున్నా చేసి, రాకెట్‌ను దాని మీద పెట్టి తూచారు. పాతది 331 గ్రాములు, కొత్తది 323 గ్రాములు తూగాయి, రెండిటికీ ఒకే గట్, ఒకే ఓవర్‌గ్రిప్, ఒకే డ్యాంపనర్. రెండిటి మీదా ముద్రించినది 305 గ్రాములే.

తరువాత బ్యాలెన్స్ చూడాలి. ఒక స్టీలు స్కేలును దాని అంచు పైకి వచ్చేలా రెండు లావుపాటి పుస్తకాల మధ్య నిలబెట్టి, దాని మీద రాకెట్‌ను అడ్డంగా పెట్టి, ఎటూ ఒరగకుండా నిలిచే చోట పెన్సిలుతో గీత పెట్టండి. పిడి చివరి నుంచి ఆ గీత దాకా ఉన్న దూరమే బ్యాలెన్స్. నా పాతదానికి 32.4 సెంటీమీటర్లు, కొత్తదానికి 32.2 సెంటీమీటర్లు వచ్చింది. రెండు మిల్లీమీటర్లే కదా అని తీసిపారేయడానికి లేదు. బరువు, బ్యాలెన్స్ రెండూ తగ్గాయంటే తల వైపు గ్రాములు తక్కువయ్యాయని అర్థం, అటువంటి రాకెట్ చేతిలో ముందుగా తిరిగిపోయి బంతిని వేళ కాకముందే కలుస్తుంది, మధ్యలో తగలని బంతికి చేతిలో మెలితిరుగుతుంది.

సరిచేయడానికి సీసపు టేపు దొరుకుతుంది. లెక్క చిన్నదే. గట్ ఉన్న తలను గడియారం ముఖంగా ఊహించుకుంటే 3 గంటలు, 9 గంటలు ఉండే చోట్లు పిడి చివరి నుంచి సుమారు 53 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. నేను అక్కడ చెరో 3 గ్రాములు, పిడి అడుగు మూత లోపల 2 గ్రాములు అతికించాను. మొత్తం 331 గ్రాములు, బ్యాలెన్స్ 32.4 సెంటీమీటర్లు, అంటే పాతదానికి సరిగ్గా సమానం అయింది.

ఎక్కడ అతికిస్తున్నామన్నది ఎంత అతికిస్తున్నామన్నదాని కంటే ముఖ్యం. రాకెట్‌ను ఊపేటప్పుడు చేతికి తెలిసే బరువును స్వింగ్‌వెయిట్ అంటారు. దాన్ని పిడి చివరి నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఇరుసు ఉన్నట్టు భావించి లెక్కిస్తారు. అందులో దూరం వర్గం అవుతుంది కాబట్టి, తల కొసన పెట్టిన 1 గ్రాము 3 యూనిట్లకు పైగా పెంచితే, 3, 9 గంటల దగ్గర పెట్టిన 1 గ్రాము సుమారు 1.85 యూనిట్లు పెంచుతుంది, పిడి అడుగున పెట్టినది పెంచేది దాదాపు ఏమీ ఉండదు. నేను పక్కల పెట్టిన 6 గ్రాములతో 11 యూనిట్లు పెరిగాయన్నమాట. సాధారణంగా గట్ వేసిన రాకెట్ల స్వింగ్‌వెయిట్ 320కి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, 11 అనేది భుజానికి స్పష్టంగా తెలిసే మార్పే.

రెండిటి బరువూ, బ్యాలెన్సూ సమానం అయిన తరువాత స్వింగ్‌వెయిట్ కూడా సమానమైందో లేదో తెలుసుకోవాలనుకునేవారికి ఒక చిట్కా. తల కొసన ఫ్రేముకూ మొదటి అడ్డ తీగకూ మధ్య సన్నటి స్క్రూడ్రైవరును దూర్చి, దాని మీద రాకెట్‌ను పిడి కిందికి వచ్చేలా వేలాడదీసి, చిన్నగా ఊపి, 50 ఊపులకు ఎంత సమయం పడుతుందో ఫోన్‌లో వీడియో తీసి చూడండి. సుమారు 70 సెకన్లు పడుతుంది. ఎక్కువ సమయం తీసుకున్నదానికి స్వింగ్‌వెయిట్ ఎక్కువ, 10 యూనిట్ల తేడాకు 50 ఊపుల మీద అర సెకనుకు పైగా తేడా వస్తుంది. మా ఇంట్లో దీన్ని చూసినవారు నన్ను గోడ గడియారం బాగుచేస్తున్నాననుకున్నారు.

సీసం విషపదార్థం. అతికించిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి, టేపు మీద మామూలు ప్లాస్టిక్ టేపు ఒక పొర వేయండి, పిల్లలకు అందనివ్వకండి. సీసం వద్దనుకునేవారికి టంగ్‌స్టన్ టేపు ఉంది, ధర కాస్త ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. బరువును కలపగలమే గాని తీయలేము. కొత్త రాకెట్ పాతదానికంటే బరువుగా ఉంటే మీ చేతిలో ఉన్న ఉపాయాలు పెద్దగా లేవు. డ్యాంపనర్ తీసేయడం, ఓవర్‌గ్రిప్‌ను సన్నటిదానికి మార్చడం తప్ప చేయగలిగింది తక్కువ.

పిడి గురించి క్లుప్తంగా

పిడి చుట్టుకొలతలు ఒక్కో సైజుకు 1/8 అంగుళం చొప్పున పెరుగుతాయి, ఒక ఓవర్‌గ్రిప్ చుట్టితే దాదాపు అర సైజు పెరుగుతుంది. పాతదాని మీద రెండు ఓవర్‌గ్రిప్‌లు ఒకదానిమీద ఒకటి చుట్టుకుని ఆడేవారు, కొత్తదాని మీద ఒకటే చుట్టి, ‘చేతిలో తిరిగిపోతోంది’ అని ఫిర్యాదు చేయడం నేను చూశాను. పిడి ఎనిమిది పలకలుగా ఉంటుంది, కాని ఆ పలకల వెడల్పు అన్ని సంస్థలకూ ఒకటి కాదు. కొందరి పిడి చదునుగా దీర్ఘచతురస్రం వైపు, కొందరిది గుండ్రం వైపు మొగ్గుతుంది. సంస్థ మారినప్పుడు మీకు తెలియకుండానే రాకెట్ ముఖం రెండు మూడు డిగ్రీలు తెరుచుకుంటుంది, ఆ మాత్రానికే బంతి గీత దాటుతుంది. కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో చెమటతో తడిసిన ఓవర్‌గ్రిప్‌తో రాకెట్‌ను అంచనా వేయడమూ సరి కాదు, పరీక్ష రోజున రెండిటికీ కొత్త ఓవర్‌గ్రిప్ చుట్టండి.

కోర్టు మీద పరీక్ష

ఇంతవరకూ చేసినదంతా సరంజామా. ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుని ఆడాలి. ఎదుటివాడితో పాయింట్లు ఆడుతూ రాకెట్‌ను అంచనా వేయలేము, ఎందుకంటే గెలిచిన రోజున ఏ రాకెట్ అయినా మంచిదే. బంతులు తినిపించే మనిషి ఒకరిని బతిమాలుకుని, సర్వీస్ లైన్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య ఉన్న 18 అడుగుల చోటును సగానికి విడగొట్టి, ఆ గీత మీద రెండు చెప్పులు పెట్టండి. చెప్పులకూ బేస్‌లైన్‌కూ మధ్య పడిన బంతికి రెండు మార్కులు, చెప్పులకు ఇవతల పడినదానికి ఒకటి, బయట గాని నెట్‌లో గాని పడినదానికి సున్నా.

పాతదానితో 20 బంతులు, కొత్తదానితో 20, మళ్లీ కొత్తదానితో 20, చివర పాతదానితో 20 కొట్టండి. ఈ క్రమం ఎందుకంటే, ఎప్పుడూ కొత్తదాన్నే రెండోసారి పట్టుకుంటే అలసట అంతా దాని లెక్కలోకి పోతుంది. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, సర్వీసు వేరువేరుగా రాయండి. నా కాగితంలో ఫోర్‌హ్యాండ్ రెండిటికీ దాదాపు సమానంగా వచ్చింది, బ్యాక్‌హ్యాండ్ స్లైస్ (బంతిని కోసినట్టు కొట్టే దెబ్బ) మాత్రం కొత్తదానితో నెట్ మీద తేలిపోయింది, సర్వీసు కొత్తదానితోనే మెరుగ్గా ఉంది. “రాకెట్ బాగాలేదు” అనే ఒక్క మాటలో ఈ మూడూ కలిసిపోయి ఉన్నాయని అప్పుడుగాని తెలియలేదు.

పరీక్షను ఒకే వేళకు, ఒకే బంతులతో చేయండి. బంతి లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తుంది, రబ్బరు మెత్తబడుతుంది, అందుకే పొద్దున ఎనిమిది గంటల ఎండలో కొట్టిన బంతి అయిదున్నరకు కొట్టిన దానికంటే ఎగిరిపోతుంది. నియమాల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన మామూలు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల ఎత్తుకు లేవాలి. నెల రోజులుగా సంచిలో ఉన్న బంతులు అంత లేవవు, వాటితో ఏ రాకెట్‌నూ తప్పుపట్టకండి.

ఇటువంటి పరీక్షను మూడు వారాల వ్యవధిలో మూడుసార్లు చేయాలని నా సలహా. రోజర్ ఫెదరర్ 2013 వేసవిలో 90 చదరపు అంగుళాల రాకెట్‌ను వదిలి 98 అంగుళాలదానితో హాంబర్గ్, గ్స్టాడ్ పోటీలు ఆడి, రెండు చోట్లా ఓడి, మళ్లీ పాతదానికే వెళ్లాడు. అప్పుడు అతనికి వెన్నునొప్పి కూడా ఉంది. తరువాత పోటీలు లేని రోజుల్లో సాధన చేసుకుని 2014లో పెద్ద తలకు మారాడు, ఆ మార్పు నిలిచింది. రెండు పోటీలతో తీర్పు చెప్పేసి ఉంటే ఆ రాకెట్ అటకెక్కేది. మనం ఆడేది వారానికి మూడు రోజులు, అదీ డబుల్స్.

ఒక్క సందర్భంలో మాత్రం మూడు వారాలు ఆగవద్దు. మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి మొదలై, చెంబు ఎత్తినా, తలుపు గొళ్లెం తిప్పినా గుచ్చుకుంటూంటే, ఆ రోజే కొత్త రాకెట్‌ను పక్కన పెట్టండి. బిరుసు ఫ్రేము, బిరుసు పాలియెస్టర్ గట్ రెండూ కలిసినప్పుడు ఇది మరీ ఎక్కువ. నొప్పి తగ్గాక పాతదానిలో మెత్తటి గట్‌ను తక్కువ బిగింపుతో వేయించుకుని నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు, నొప్పి ఆగకపోతే వైద్యుణ్ని చూడాలి.

ఇవన్నీ చేసిన తరువాత కూడా మూడో కాగితంలో కొత్తది వెనకబడే ఉంటే, మొహమాటం లేకుండా అమ్మేయండి. టేపులు పీకి, కొత్త ఓవర్‌గ్రిప్ చుట్టి, తల అంచున గీతలు ఉంటే దాచకుండా చూపించి, అసలు బరువెంతో చెప్పి అమ్మండి. కొనేవాడు గుంటూరు బృందావన్ గార్డెన్స్ నుంచి వచ్చినా, పటమట నుంచి వచ్చినా, రెండు రోజులు ఆడి చూసుకోమని ఇవ్వండి, అతనికీ ఇదే తంటా ఉంటుంది. మీకు నచ్చిన పాత మోడల్ ఇంకా ఎక్కడైనా దుకాణాల్లో మిగిలి ఉందేమో వెతకడం కూడా మంచి ఆలోచనే, కొత్త తరం రాగానే పాతదాని ధర బాగా తగ్గుతుంది.

నేను కొత్తదాన్ని అమ్మలేదు. సీసం అంటించి, పాలియెస్టర్ గట్‌ను 54 పౌండ్లకు వేయించి, స్లైస్ కొట్టేటప్పుడు ముఖాన్ని కాస్త మూయడం నేర్చుకున్నాను. రెండు రాకెట్ల గొంతు దగ్గరా చిన్న తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, గట్ వేయించిన తేదీ, బిగింపు, గట్ పేరు బాల్‌పెన్‌తో రాసిపెడుతున్నాను. మా డబుల్స్ జోడీగారు దాన్ని మందుసీసా మీద చీటీ అంటారు గాని, కిందటి వారం తన రాకెట్‌ను కూడా నా చేతికిచ్చి, “దీని మీద కూడా ఒకటి అంటించండి మాస్టారూ, ఎప్పుడు వేయించానో గుర్తు లేదు” అన్నారు.